మాల తీసిన అరగంటకి

"రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తారు?" అని ఎవరైనా అడిగితే నా జవాబు అడిగినవాళ్లని బట్టి ఉండేది. పెళ్లిచూపుల్లో మా మావగారికి "ఎప్పుడైనా ఒకటండీ" అన్నాను. ఇన్సూరెన్సు ఏజెంటుకి ఐదు. మా ఆవిడకి ఏడో ఎనిమిదో. డాక్టర్లకి పది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పద్దులు రాయడం నా ఉద్యోగం. రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి వెళ్లని మనిషిని. నా సిగరెట్ల లెక్క మాత్రం పాతికేళ్లలో ఒక్కరోజూ రాయలేదు. 2023 జనవరిలో, అదీ వేరేవాళ్లు రాయమంటే, మొదటిసారి రాశాను. పదిహేడు తేలింది. అప్పట్లో నేను తాగేది విడిగా కొంటే 17 రూపాయలు. పదిహేడు పదిహేడులు 289. నెలకి 8,670. మా అమ్మాయి స్కూలు ఫీజు నెలకి అంత లేదు.

మాది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర పల్లె. మా నాన్న వర్జీనియా పొగాకు రైతు. నా చదువు, అక్క పెళ్లి, ఇంటి మీద శ్లాబు, అన్నీ ఆ ఆకు పెట్టిన భిక్షే. బ్యారన్‌లో, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే గదిలో, ఆకు కాల్చేటప్పుడు వచ్చే వాసన తియ్యగా ఉంటుంది, అసలు సిగరెట్ వాసనలా ఉండదు. వేలం కేంద్రంలో మా బేలు (ఆకు మూట) దగ్గర బయ్యర్లు ఆగుతారా, దాటిపోతారా అని నాన్న వాళ్ల కాళ్ల వైపే చూస్తూ నిలబడడం నాకు బాగా గుర్తు. ఆయన జీవితంలో సిగరెట్ ముట్టలేదు. "అమ్ముకునే సరుకు మనమే వాడితే ఇక మిగిలేదేందిరా" అనేవాడు.

ఇంకొకటి గుర్తుంది. తెల్లవారుజామున మంచుకి తడిసిన పచ్చాకు కోసిన కూలీల్లో ఒకరిద్దరికి తల తిరిగి, వాంతులు అయ్యేవి. మజ్జిగ తాగించి వేపచెట్టు కింద పడుకోబెట్టేవాళ్లు. పైత్యం అనుకునేవాళ్లం. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందనీ, ఆ వాంతులు దానివనీ నాకు 44 ఏళ్లు వచ్చాక తెలిసింది. పొగాకు రైతు కొడుకుని. పొగాకు గురించి నాకు తెలిసిందల్లా ఏ గ్రేడుకి ఎంత రేటు అన్నదే.

మొదటి సిగరెట్ 1997లో, ఒంగోలులో డిగ్రీ చదువుతుండగా. దానికి కథేమీ లేదు. రూమ్మేటు ఇచ్చాడు, దగ్గాను, వాళ్లు నవ్వారు, రెండోది నేనే కొనుక్కున్నాను.

మానే ప్రయత్నాలు చాలా చేశాను. ఉగాదికి ఒకసారి, అమ్మాయి పుట్టినప్పుడు ఒకసారి. మధ్యలో "లైట్స్" అని రాసి ఉన్నవాటికి మారి, సగం మానేసినట్టే అనుకున్నాను. ఫిల్టరు చుట్టూ ఉండే సన్న చిల్లుల్లోంచి గాలి కలిసి, సిగరెట్‌ని పరీక్షించే మెషీను మీద నికోటిన్ అంకె తక్కువ చూపిస్తుందే తప్ప, మనిషి మాత్రం తన నికోటిన్ తనకి అందేదాకా గట్టిగా పీలుస్తాడు, వేళ్లతో ఆ చిల్లులు మూసేస్తాడు. నేనూ అంతే.

అన్నిటికన్నా వింత ప్రయత్నం అయ్యప్ప మాల. 2012, 2015, 2018, మూడుసార్లు వేసుకున్నాను. ఒక్కోసారి 41 రోజులు. ఒక్క సిగరెట్ లేదు. మొదటి నాలుగు రోజులు కాస్త తలనొప్పి, విసుగు, అంతే. ఆ తర్వాత సిగరెట్ అనేది ఒకటుందని కూడా గుర్తుండేది కాదు. దర్శనం చేసుకుని, ఇంటికొచ్చి, అమ్మ చేత మాల తీయించుకుని, స్నానం చేసి, ప్యాంటు చొక్కా తొడుక్కుని, అరగంటలో వీధి చివర బడ్డీకొట్టు దగ్గర నిలబడి వెలిగించేవాణ్ణి. మూడుసార్లూ అంతే. 2018లో అయితే మా ఆవిడ చేతికి ప్రసాదం డబ్బా ఇచ్చి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లాను. నలభై ఒక్క రోజులు ఉత్త కాళ్లతో తిరిగినవాణ్ణి, చెప్పులు అడ్డమనిపించాయి!

అప్పుడు నాకు తోచిన సంజాయిషీ ఒకటే: దేవుడి భయం ఉన్నంతకాలం ఉన్నాను, అది పోగానే పోయాను. సంకల్పబలం లేని మనిషిని. చాలాకాలం అదే నమ్మాను. నమ్మడం సుఖంగా కూడా ఉండేది, బలం లేనివాడు ఏం చేస్తాడు పాపం.

2022 డిసెంబరులో మా అమ్మాయికి పిల్లికూతలు ఎక్కువయ్యాయి. చలికాలం, దానికి తోడు మా వైపు లారీల దుమ్ము. పిల్లల డాక్టరు ఇన్‌హేలర్ రాస్తూ, తల ఎత్తకుండానే "ఇంట్లో ఎవరు తాగుతారు?" అని అడిగారు. తాగుతారా అని కాదు, ఎవరు అని. "నేనేనండీ, కానీ ఇంట్లో తాగను, బాల్కనీలో" అన్నాను. నా వరకు అది చాలా పెద్ద మర్యాద. ఆయన పెన్ను పక్కన పెట్టి, "మీరు కుర్చీలో కూర్చోగానే నాకు తెలిసిందండీ" అన్నారు. తాగి లోపలికి వచ్చాక కూడా కాసేపు ఊపిరితో పాటు ఆ పొగ తాలూకు పదార్థాలు బయటికి వస్తూనే ఉంటాయట. చొక్కాకి, జుట్టుకి, పరుపుకి పట్టింది పట్టినట్టే ఉంటుందట. "పాప రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది?" అన్నారు. నా పక్కనే. నా చెయ్యి మీద తల పెట్టుకుని.

ఆ రోజు ఆసుపత్రి బయటికి రాగానే నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఒక సిగరెట్ తాగడం. టెన్షన్‌గా ఉంది మరి. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ పొగ తాగేవాళ్లకి మాత్రం ఇందులో వింతేమీ కనపడదు.

ఆ డాక్టరుగారే ప్రభుత్వ ఆసుపత్రిలో పొగాకు మాన్పించే విభాగం ఉంటుందని చెప్పారు. అలాంటిదొకటి ఉంటుందని నాకు తెలియదు. మానాలనుకునేవాళ్లు సాయానికి ఫోను చేసే క్విట్‌లైన్ నంబరు, 1800-11-2356, 2018 నుంచి ప్రతి ప్యాకెట్ మీద అచ్చువేస్తున్నారు. కానీ నేను ప్యాకెట్ కొంటే కదా! విడిగా ఒకటీ రెండూ కొనేవాణ్ణి. 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర ఉండే ఆ పుండు బొమ్మ కూడా నేను చూసింది తక్కువ. కొట్టతను ప్యాకెట్‌లోంచి తీసి చేతిలో పెడతాడు, బొమ్మ అతని దగ్గరే ఉండిపోతుంది. విడి సిగరెట్ల అమ్మకం ఆపకుండా బొమ్మ సైజు ఎంత పెంచితే ఏం లాభం అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సంక్రాంతి అయ్యాక వెళ్లాను. ఓపీ చీటీ తీసుకుని, రెండు బిల్డింగులు వెతికితే ఒక చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద పోస్టరు. పొగాకు వల్ల ఏటా 80 లక్షల మందికి పైగా చనిపోతున్నారని అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అందులో 12 లక్షలకు పైగా అసలు తాగనివాళ్లు, పక్కవాళ్ల పొగ పీల్చినవాళ్లు. ఆ రెండో అంకె దగ్గరే నా చూపు ఆగింది. లోపల ఒక కౌన్సెలర్ మేడమ్. నా కన్నా పదేళ్లు చిన్నావిడ. ఈవిడ నాకేం చెబుతుంది అనుకున్న మాట వాస్తవం.

ముందు ఆరు ప్రశ్నలు అడిగారు. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, జ్వరమొచ్చి మంచం మీద ఉన్నా తాగుతారా, తాగకూడని చోట ఆపుకోవడం కష్టంగా ఉంటుందా, ఇలాంటివి. పదికి 7 వచ్చాయి. నేను లేచిన ఐదు నిమిషాల్లోపే వెలిగిస్తాను, దానికే 3 మార్కులు. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుందట. రాత్రంతా పడిపోతూ వచ్చి, తెల్లవారేసరికి ఖాళీ. అందుకే ఆ పొద్దుటి సిగరెట్ అంత అమృతంలా ఉంటుంది. "మీ టెన్షన్ దించేదీ అదే, దాన్ని ఎక్కించేదీ అదేనండీ" అన్నారు. సెల్‌ఫోను చార్జింగు లాంటిదని మా ఆవిడకి ఆ రాత్రి చెప్పాను. "మరి ఫోను పదిహేడుసార్లు పెట్టం కదా" అంది.

తర్వాత ఒక చిన్న యంత్రం ఇచ్చారు. గట్టిగా గాలి పీల్చి, పదిహేను సెకన్లు బిగబట్టి, నిదానంగా ఊదాలి. 19 చూపించింది. ఊపిరిలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అది, లారీ సైలెన్సరులోంచి వచ్చే వాయువే. తాగనివాళ్లకి సాధారణంగా 6 లోపు ఉంటుందట. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే ఆక్సిజన్ ఎక్కాల్సిన సీట్లలో ఇది కూర్చుని దిగదు. మా ఆఫీసు మూడో అంతస్తులో. మెట్లెక్కి పైకొచ్చాక కాసేపు ఫైళ్లు సర్దుతున్నట్టు నటించి ఆయాసం తీర్చుకోవడం నాకు అలవాటు. ఆ 19 అంకె చూశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ నటనే.

"పాతికేళ్లు తాగాక ఇప్పుడు మానితే ఏం ఉపయోగమండీ" అన్నాను. ఇది ప్రశ్న కాదు, తప్పించుకునే దారి. ఆవిడ వయసు అడిగి, బ్రిటన్ డాక్టర్ల సంగతి చెప్పారు. 1951 నుంచి 50 ఏళ్లపాటు వేలమంది డాక్టర్లని గమనిస్తూ వచ్చిన అధ్యయనం అది. తాగుతూనే ఉండిపోయినవాళ్లకి సగటున పదేళ్ల ఆయుష్షు తగ్గింది. 40 ఏళ్ల దగ్గర మానినవాళ్లకి ఆ పదిలో తొమ్మిది దాకా తిరిగొచ్చాయి. 50 దగ్గర మానితే ఆరు, 60 దగ్గర మానితే మూడు. నేను మనసులోనే వడ్డీ లెక్క వేసుకున్నాను. నా 44కి ఎంత వస్తుందో కచ్చితంగా తేలలేదు కానీ, ఏటేటా తరిగిపోతోందని మాత్రం అర్థమైంది.

అప్పుడు మాల సంగతి చెప్పాను. మూడుసార్లు 41 రోజులు ఉండగలిగి కూడా మానలేనివాణ్ణి, నాకు సంకల్పం లేదు అని. ఆవిడ వెంటనే "41 రోజులు ఎలా ఉన్నారు?" అన్నారు.

"స్వామి దయండీ."

"సరే, స్వామి దయే. ఆ రోజుల్లో మీ దినచర్య చెప్పండి."

చెప్పాను. నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం. లేవగానే బాత్రూంలోకి సిగరెట్‌తో వెళ్లడం ఉండదు. పూజ. ఆఫీసుకి వెళ్లినా టీకొట్టు వైపు పోను, నల్లబట్టల్లో ఉన్నవాణ్ణి అక్కడ నిలబడితే బాగోదని. మధ్యాహ్నం భిక్ష, అది తోటి స్వాములతో. డ్రైవర్లెవరూ సిగరెట్ చాపరు, "స్వామీ" అని దండం పెడతారు. సాయంత్రం మళ్లీ స్నానం, భజన, నేల మీద పడక. ఆవిడ కాగితం మీద అన్నీ రాసి నా వైపు తిప్పారు.

"మాల తీసిన రోజు మెడలో దండ ఒక్కటే తియ్యలేదండీ మీరు. ఇవన్నీ తీసేశారు" అన్నారు. "మళ్లీ ఆ బాత్రూం, ఆ టీకొట్టు, ఆ డ్రైవర్లు. శరీరం మూడు వారాల్లోనే సర్దుకుంది. మీరు తిరిగి వెళ్లింది ఆ చోట్లకి."

నాకు కాసేపు మాట రాలేదు. పదేళ్లుగా నన్ను నేను తిట్టుకున్నదంతా తప్పుడు పద్దు.

వారం రోజులు మానొద్దన్నారు. మామూలుగానే తాగమని, కాకపోతే ప్రతిదీ తాగకముందే రాయమన్నారు: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో, ఎంత కావాలనిపించి. అలా వచ్చింది ఆ పదిహేడు. ఆఫీసు లెడ్జరులా గీతలు కొట్టుకుని రాశాను. వారం చివర చూస్తే నిజంగా ప్రాణం లాగి తాగినవి రోజుకి నాలుగైదు. పొద్దున లేవగానే ఒకటి, భోజనం అయ్యాక ఒకటి, రాత్రి లోడింగు అయ్యాక ఒకటి, ఇలా. మిగతావన్నీ అక్కడికి వెళ్లాను కాబట్టి తాగినవి. ఎవడో వెలిగించాడని, టీ వచ్చిందని, ఫోను మోగిందని. ఫోను మాట్లాడుతూ తాగినవి మూడున్నాయి, వాటి రుచి కూడా గుర్తులేదు.

మానే తేదీ ఫిబ్రవరి 6 పెట్టుకున్నాం. నెలాఖరు లెక్కలు ముగిసిన తర్వాత. నికోటిన్ గమ్ 4 మిల్లీగ్రాములది రాసిచ్చారు, లేవగానే తాగేవాళ్లకి 2 సరిపోదట.

గమ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "ఆ గమ్ పనిచెయ్యదు బాసూ" అని నాకు చెప్పినవాళ్లందరూ నేను మొదటిరోజు చేసిన తప్పే చేశారు. బబుల్‌గమ్‌లా నమిలేశాను. గొంతు మంట, ఎక్కిళ్లు, వికారం. అది అలా నమలకూడదు. నాలుగైదుసార్లు నెమ్మదిగా కొరికితే మిరియం కొరికినట్టు ఘాటు తెలుస్తుంది. అప్పుడు బుగ్గకీ చిగుళ్లకీ మధ్య నొక్కిపెట్టి ఊరుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ రెండు కొరుకులు, మళ్లీ పక్కకి. అలా అరగంట. నికోటిన్ బుగ్గలోంచి ఎక్కుతుంది, నోటి ఊటతో మింగేస్తే కడుపులోకి పోయి దండగ. కాఫీ గానీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు గానీ తాగిన పావుగంటలోపు వేసుకుంటే సరిగ్గా ఎక్కదు. సిగరెట్ అంత హుషారుగా పది, ఇరవై సెకన్లలో మెదడుకి చేరదు కాబట్టి, మనకి కావాలనిపించాక వేసుకుంటే ఆలస్యమైపోతుంది. కాస్త ముందే వేసుకోవాలి. పన్నెండు వారాల్లో తగ్గించుకుంటూ వచ్చాను.

మొదటి మూడు రోజులు చెడ్డవి. నిద్ర పట్టదు, పడితే సిగరెట్ తాగుతున్నట్టే కల. విరేచనం సాఫీగా అవదు, ఇసబ్గోల్ వేసుకున్నాను. ఆఫీసులో ఒకే కూడిక నాలుగుసార్లు వేసినా నాలుగు రకాలుగా వచ్చింది. నాలుగో రోజు రాత్రి పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేశాను. ఇరవై ఏళ్ల కాపురంలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. మా ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "ఏవండీ, వెళ్లి ఒకటి తాగేసి రండి. ఇంట్లో మనుషులం బతకాలి కదా" అంది. నేను నిజంగానే లేచి చెప్పులు తొడుక్కున్నాను. గుమ్మం దగ్గర మా అమ్మాయి ఇన్‌హేలర్ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను ఆపడానికేమీ కాదు, దానికి మందు వేసుకునే టైము. నేను మేడ మీదకి వెళ్లి ఇరవై నిమిషాలు అటూ ఇటూ నడిచి వచ్చి, ఆ పప్పన్నమే తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

గుండెదడ, చేతుల వణుకు కూడా ఉంటే భయపడి కౌన్సెలర్‌కి ఫోను చేశాను. "టీలు ఎన్ని తాగుతున్నారు?" అన్నారు. ఎనిమిది. సిగరెట్ బదులు టీ అన్నమాట. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ని చకచకా కరిగించేస్తుందట. పొగ ఆపగానే ఆ వేగం తగ్గిపోతుంది, అదే టీ రెట్టింపు పనిచేస్తుంది. నేను సిగరెట్ లేకపోవడం వల్ల వచ్చిందనుకున్న వణుకులో సగం టీది. నాలుగుకి తగ్గించాక మనిషినయ్యాను. ఈ ఒక్క ముక్క నాకు ఉగాదినాటి ప్రయత్నంలో తెలిసి ఉంటే బాగుండేది.

రెండో వారంలో దగ్గు పెరిగింది. మానితే దగ్గు తగ్గాలి కదా అని నాకు అనుమానం. ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి ఊడ్చే సన్నని నూగు లాంటిది ఉంటుంది, పొగకి అది చచ్చుబడి ఉంటుంది, ఇప్పుడు లేచి పని మొదలుపెట్టిందన్నారు. నెల దాటాక తగ్గింది.

శరీరం సంగతి అంతే. దాని కన్నా పెద్ద పని చోట్లది. పొద్దున లేవగానే చన్నీళ్ల స్నానం, మాలలో చేసినట్టే. దానివల్ల ఆ మొదటి సిగరెట్‌కి చోటు లేకుండా పోయింది. టీకొట్టు మానేసి ఫ్లాస్కు తెచ్చుకున్నాను. భోజనం అవగానే పళ్లు తోముకునేవాణ్ణి, ఆఫీసులో అందరూ నవ్వేవాళ్లు. డ్రైవర్లకి చెప్పుకోవడమే కష్టమైంది. రాత్రి లోడింగు అయ్యాక గోడవారగా నిలబడి అందరం ఒకటి వెలిగించడం పదేళ్ల ఆనవాయితీ. మా గోడకి "పొగ తాగరాదు" బోర్డు కూడా ఉంది. 2008 అక్టోబరు 2 నుంచి పని చేసే చోటా బహిరంగ స్థలాల్లోనూ తాగకూడదు, 200 దాకా జరిమానా. ఆ బోర్డు కిందే నిలబడి తాగేవాళ్లం, వాన పడితే నీడ అక్కడే ఉంటుంది మరి. ఎవరూ మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు.

వాళ్లలో శ్రీకాకుళం వైపు డ్రైవరన్న ఒకాయన "మా అమ్మమ్మ అడ్డచుట్ట కాల్చేది, ఎనభై ఏళ్లు బతికింది" అన్నాడు. అడ్డచుట్ట అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకి ఆ అలవాటు ఎక్కువ. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని ఎన్నో ఏళ్ల క్రితమే డాక్టర్లు అక్కడి పల్లెల్లో తిరిగి తేల్చారు. నేను అదేమీ చెప్పలేదు, కొత్తగా మానినవాడి ఉపన్యాసం ఎవడూ వినడు. కాసేపాగి ఆయనే అన్నాడు: "మా పెద్దమ్మకి మాత్రం అంగిట్లో పుండు పడింది. విశాఖ తీసుకెళ్లాం." ఇంకేమీ మాట్లాడలేదు. ఆ రాత్రి తను వెలిగించలేదు కూడా. మర్నాడు వెలిగించాడు లెండి.

మార్చి 15న ఊరెళ్లాను. ముప్పై ఎనిమిదో రోజు. కౌన్సెలర్ విజయవాడలో ఉన్న చోట్లన్నీ రాయించారు కానీ, ఊరి సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆఖరి ఆకు బ్యారన్‌లో ఉంది. రాత్రిళ్లు మంట చూసుకోవాలి, వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పచ్చి నిలుస్తుంది. బాబాయి కొడుకులిద్దరూ, నేనూ పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆ తియ్యటి వాసన, పుల్లల చిటపట. ఎవరూ బలవంతం చెయ్యలేదు. తమ్ముడు తనకి వెలిగించుకుని అలవాటుగా నాకొకటి చాపాడు, నేను అలవాటుగా అందుకున్నాను. మూడో దమ్ముకి గానీ తెలివి రాలేదు. తల తిరిగింది. చిన్నప్పుడు వేపచెట్టు కింద పడుకున్న ఆ కూలీలు గుర్తొచ్చారు. అయినా పూర్తిగా తాగాను. ఇంకో రెండు తాగాను.

పొద్దున్నే ఫోను చేశాను. తిడతారనుకున్నాను.

"ప్యాకెట్ కొన్నారా?"

"లేదండీ."

"ఇవాళ తాగారా?"

"లేదు."

"గమ్ వెంట తెచ్చుకున్నారా?"

తెచ్చుకోలేదు. ఊరే కదా అని. దగ్గర్లో మందుల షాపు ఎంత దూరమని అడిగారు. ఆరు కిలోమీటర్లు, అక్కడ చీటీ లేకుండా ఇచ్చే 2 మిల్లీగ్రాములదే దొరికింది. అదే వేసుకున్నాను. నాన్న అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. "ఏందిరా అది?" అన్నాడు. చెప్పాను, పొగాకు మానడానికి పొగాకు సత్తే బిళ్లగా చేసి అమ్ముతారని. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కిలో ఎంత పడుద్ది?" అని అడిగాడు. లెక్కకట్టి చెబితే చాలాసేపు నవ్వాడు. ఆయనకి నేను మానడం మీద అభ్యంతరం లేదు, అలాగని పంట మానే ఆలోచనా లేదు. శనగ వేసి దెబ్బతిన్నాడు ఒకసారి, జామాయిలు వేస్తే నాలుగేళ్లు డబ్బు కళ్లచూడరు. నేనూ ఆయనతో వాదించను. ఆ డబ్బుతో చదువుకున్నవాణ్ణే కదా.

ఆ తర్వాత మళ్లీ తాగలేదు. మూడు నెలలకి యంత్రంలో ఊదితే 2 చూపించింది. నిజానికి ఆ వాయువు ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది, కానీ కాగితం మీద 19 పక్కన 2 చూసుకోవడం బాగుంది. మెట్ల దగ్గర ఫైళ్ల నటన అక్కర్లేకుండా పోయింది. ఐదు కిలోలు పెరిగాను, ప్యాంట్లు రెండు వదులు చేయించాల్సి వచ్చింది. వాసనలు తిరిగొచ్చాయి. మల్లెపూల సంగతి అందరూ చెబుతారు, నాకు మాత్రం ముందు తెలిసింది నా బీరువాలోని పాత స్వెట్టరు వాసన. ఇన్నేళ్లూ మా ఆవిడ దాన్ని ఏమీ అనకుండా మడత పెట్టింది. అమ్మాయికి పిల్లికూతలు పూర్తిగా పోలేదు, దుమ్ము రేగితే ఇప్పటికీ వస్తాయి. రాత్రిళ్లు లేవడం మాత్రం బాగా తగ్గింది. అది నావల్లో, ఇన్‌హేలర్ వల్లో, వయసు వల్లో నేను చెప్పలేను.

2024 కార్తీకంలో మళ్లీ మాల వేసుకున్నాను. ఈసారి 41 రోజుల్లో సిగరెట్ విషయంలో పడిన కష్టం ఏమీ లేదు, మానడానికి ఏమీ లేదు కాబట్టి. ఇంటికొచ్చాను. అమ్మ మాల తీసింది. స్నానం చేసి ప్యాంటు చొక్కా తొడుక్కుని హాల్లోకి వచ్చేసరికి మా ఆవిడ గోడ గడియారం వైపు చూస్తోంది. నేనూ చూశాను. ఇద్దరికీ తెలుసు ఎందుకో. ఈలోపు మా అమ్మాయి అరవణ ప్రసాదం డబ్బా మూత రాక, చెంచా వంకర చేసేసి, "నాన్నా, ఇది తియ్యి ముందు" అని తెచ్చి చేతిలో పెట్టింది.